డెబుస్సీ పదో ప్రెల్యూడ్ సాధన: నీట మునిగిన చర్చిని పియానో మీద పైకి తేవడం

ఫ్రెంచ్ స్వరకర్త క్లోద్ డెబుస్సీ పియానో కోసం రాసిన చిన్న రచనలు, ప్రెల్యూడ్స్, మొదటి సంపుటాన్ని పారిస్‌లో దురాన్ సంస్థ 1910లో అచ్చువేసింది. అందులోని 12 రచనల్లో పదోది ‘లా కతెద్రాల్ ఆంగ్లూతీ’, అంటే నీట మునిగిన పెద్ద చర్చి. మొత్తం 89 బార్లు, అంటే స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే గడులు. వేళ్ళు పరుగులు తీయాల్సిన చోట్లు దాదాపు లేవు, చాలా భాగం నెమ్మదిగా కదిలే కార్డులే, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులే. అందుకే చాలామంది దీన్ని తేలికనుకుని మొదలుపెడతారు. నోట్లన్నీ వచ్చాక వింటే అంతా బురదలా ఉంటుంది, విసుగొచ్చి వదిలేస్తారు. ఆ బురద ఎక్కడ పుడుతుందో, దాన్ని పొగమంచుగా మార్చుకోవడానికి ఏం చేయాలో నేను సాధన చేసిన వరుసలోనే రాస్తున్నాను. ఆ వరుస మొదటి బారుతో మొదలవదు.

ముందు బొమ్మ, అంటే ఈ రచన వెనకున్న దృశ్యం సంగతి. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ తీరంలో ‘ఈస్’ అనే నగరం గురించి ఒక కథ చెప్పుకుంటారు. సముద్రాన్ని అడ్డుకునే కట్ట తలుపులు తెరుచుకుని ఊరంతా మునిగిపోయింది. పొద్దున్నే మంచు కమ్మినప్పుడు చర్చి నీళ్ళలోంచి పైకి లేస్తుంది, గంటలూ ప్రార్థనలూ వినిపిస్తాయి, మళ్ళీ మునిగిపోతుంది. ఈ కథ స్కోరులో, అంటే అచ్చయిన స్వరలిపిలో, ఎక్కడా లేదు. రచన పేరు కూడా పైన ఉండదు. ఆఖరి బారు కింద మూడు చుక్కలు పెట్టి, కుండలీకరణాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైన ఉన్నవి వాయించే పద్ధతికి సంబంధించిన సూచనలే: ‘గాఢమైన ప్రశాంతతతో, మెత్తగా మోగే పొగమంచులో’ అని మొదటి బారులో, ‘మెల్లమెల్లగా మంచులోంచి బయటికి వస్తూ’ అని 16లో, ‘మోగాలి, కఠినంగా కాదు’ అని 28లో, ‘ఇంతకుముందు విన్న వాక్యానికి ప్రతిధ్వనిలా’ అని 72లో, ‘మొదట్లో ఉన్న నాదంతో’ అని 84లో. కథ తెలియకపోయినా ఈ ఐదు మాటల్ని సీరియస్‌గా తీసుకుంటే రచన నిలబడుతుంది. కథ తెలిసి వీటిని పట్టించుకోకపోతే నిలబడదు.

తెలుగువాళ్ళకి ఈ కథ వినగానే శ్రీశైలం జలాశయంలో ఏటా మునిగి, వేసవిలో తేలే సంగమేశ్వరం గుడి గుర్తొస్తుంది. పోలిక బాగానే ఉంటుంది గానీ, పియానో ముందు కూర్చున్నప్పుడు అది దారి తప్పిస్తుంది. సంగమేశ్వరంలో గుడి కదలదు, నీళ్ళు దిగుతాయి. ఈ రచనలో రాయి కదులుతుంది. 16 నుంచి 27 దాకా అడుగునుంచి ఒక బరువు పైకి వస్తున్నట్టు రాశాడు. నీళ్ళు దిగే ఊహతో వాయిస్తే ఆ బార్లు నీరసంగా సాగుతాయి.

బొమ్మను ధ్వనిగా మార్చేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది దూరం. అది ఎంత తేడా తెస్తుందో రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకి రాసిన ‘చిత్రప్రదర్శన’లో ఎడ్లబండి భాగం చూస్తే తెలుస్తుంది. ఆయన రాతప్రతిలో ఆ బండి మొదటి నోటునుంచే చాలా గట్టిగా ఉంటుంది, అంటే మన పక్కనే ఉంది. ఆయన పోయాక 1886లో మరో రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ కొర్సకోవ్ సరిదిద్ది వేసిన ప్రతిలో అదే బండి మెల్లగా మొదలై పెద్దదవుతుంది, అంటే దూరంనుంచి వస్తోంది. నోట్లు అవే, బొమ్మ వేరు. డెబుస్సీ చర్చికి కూడా ప్రతి భాగంలో ఎంత దూరం అన్నది పెన్సిల్‌తో రాసుకోవాలి: మొదట్లో దూరం, అడుగున. 28లో ఎదురుగా. 72లో మళ్ళీ నీటి కింద, కానీ దగ్గరగానే. చివర దూరం.

ఇక వాయిద్యం. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే 61 కీల కీబోర్డు మీద ఈ రచన సాధ్యం కాదు. 28వ బారునుంచి కింద మోగే అట్టడుగు ‘సి’ స్వరం మామూలు పియానోలో ఎడమ చివరినుంచి నాలుగో కీ. 61 కీల కీబోర్డు దానికి ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన మొదలవుతుంది. 76 కీలవి సాధారణంగా ‘ఈ’ (E) స్వరంతో మొదలవుతాయి, అప్పుడు కూడా నాలుగు కీలు తక్కువే. ఆక్టేవ్ మార్చే బటన్ నొక్కితే కింద దొరికింది పైన పోతుంది. కాబట్టి 88 కీలు తప్పనిసరి.

డిజిటల్ పియానో అయితే మూడు విషయాలు చూడండి. ఒకటి పెడల్, అంటే తొక్కి ఉంచితే నాదాన్ని ఆగకుండా మోగించేది. చాలా వాటితో ఇచ్చే చిన్న చతురస్రపు ఫుట్‌స్విచ్‌కి ఉన్నదీ లేనిదీ అన్న రెండు స్థితులే తెలుసు. సగం పెడల్ తీసుకునేది కావాలి, పియానో కూడా దాన్ని గుర్తించే రకం అయి ఉండాలి. రెండు, పాలిఫొనీ, అంటే పియానో ఒకేసారి మోగించగల స్వరాల సంఖ్య. పెడల్ తొక్కి ఉంచి రెండు చేతులా నిండు కార్డులు వరసగా వాయిస్తే 64 స్వరాల కోటా త్వరగా అయిపోతుంది, ఎందుకంటే స్టీరియో శాంపిల్ (ఎడమ, కుడి వేరుగా రికార్డు చేసిన నాదం) ఉన్నచోట ఒక్కో నోటు రెండేసి తినేస్తుంది. అప్పుడు యంత్రం పాత స్వరాలను ఆపేస్తుంది, ఆ పాతవాటిలో మీ అట్టడుగు సి ఉండవచ్చు. 128 గానీ అంతకు మించిగానీ ఉంటే మంచిది. మూడు, హాల్ రివర్బ్ (హాల్లో ఉన్నట్టు వినిపించే ప్రతిధ్వని) తీసేసి, తీగల ప్రతిస్పందన సెట్టింగ్ పెట్టుకోండి. రివర్బ్ అన్నిటినీ ఒకేలా తడుపుతుంది. ఈ రచనకు కావాల్సింది కింద తీగ మోగితే పైన తీగలు కదిలే రకం నాదం. డెబుస్సీ దగ్గరున్న బ్లూత్నర్ గ్రాండ్‌లో పై స్థాయికి సుత్తి తగలని నాలుగో తీగ అదనంగా ఉండేది, కేవలం ఆ సహకంపనం కోసమే.

అసలు పియానో ఉన్నవాళ్ళు శ్రుతి చేయించుకున్నాకే మొదలుపెట్టండి. మొదటి బార్లలో ఉన్నవి ఖాళీ ఫిఫ్త్‌లు (స-ప జంటలు), ఫోర్త్‌లు (స-మ జంటలు), ఆక్టేవ్‌లు. మేజర్ కార్డులో కాస్త శ్రుతి తప్పినా చెవి క్షమిస్తుంది, ఖాళీ ఫిఫ్త్‌లో క్షమించదు. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, సౌండ్‌బోర్డు (నాదాన్ని పెంచే చెక్కపలక) తేమ పీల్చి శ్రుతి పైకి జరుగుతుంది, కీలు బిగుసుకుని మెల్లగా నొక్కితే పలకవు. అలాంటి పియానో మీద పియానిస్సిమో (చాలా మెల్లగా వాయించడం) సాధన చేయడం దండగ.

తర్వాత వేగం. అచ్చు ప్రతిలో పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. మొదట్లో తాళం గుర్తు ‘6/4 = 3/2’ అని జంటగా ఉంటుంది, అంటే బారుకు ఆరు క్వార్టర్ నోట్లు లేదా మూడు హాఫ్ నోట్లు (ఒక హాఫ్ రెండు క్వార్టర్లంత). దాన్ని చూసి ఊరుకుని, క్వార్టర్ నోటుకు ఒకే వేగం పెట్టుకుని చివరిదాకా వాయిస్తే మధ్య భాగం కదలదు. డెబుస్సీ 1910 మే 25న పారిస్‌లో ఈ రచనను తనే కచేరీలో వాయించాడు. ఆయన వాయింపు 1913లో వెల్టె మిన్యోన్ పియానో రోల్‌గా (కాగితం మీద చిల్లులుగా నమోదై, యంత్ర పియానోలో మోగేది) కూడా వచ్చింది. ఆ రోల్‌లో 7 నుంచి 12, 22 నుంచి 83 బార్లు రెట్టింపు వేగంలో ఉన్నాయి. అంటే అక్కడ హాఫ్ నోటు అంతకుముందరి క్వార్టర్ నోటుతో సమానం. తాళం గుర్తు జంటగా ఉండటానికి అర్థం అదే. అయితే మారే చోట అచ్చులో ఏ సూచనా లేదు.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 60 క్వార్టర్లు పెట్టుకుంటే నెమ్మది బారు ఒక్కోటి 6 సెకన్లు, రెట్టింపు బారు 3 సెకన్లు. నెమ్మదివి 21 బార్లు, రెట్టింపువి 68. మొత్తం 126, 204 కలిపి 330 సెకన్లు, ఐదున్నర నిమిషాలు. అన్నీ నెమ్మదిగానే వాయిస్తే 534 సెకన్లు, తొమ్మిది నిమిషాలకు ఆరు సెకన్లు తక్కువ. అంతసేపు పియానో తీగ మోగదు. 28లో కొట్టిన కార్డు తర్వాతి కార్డు వచ్చేలోపే చచ్చిపోతుంది. ‘ఈ రచన మరీ సాగుతుంది’ అనేవాళ్ళలో ఎక్కువమంది విన్నది ఈ రెండో రకం వాయింపే అని నా అనుమానం. రోల్ తిరిగే యంత్రాన్నిబట్టి మొత్తం వేగం మారొచ్చు, కానీ భాగాల మధ్య నిష్పత్తి మారదు. కాబట్టి నమ్మాల్సింది ఆ నిష్పత్తినే.

మెట్రనోమ్‌ను (తాళం కొట్టే యంత్రాన్ని) 60కి పెట్టి, వాయించకుండా స్కోరు మీద వేలు జరుపుతూ చివరిదాకా లెక్కపెట్టండి. 6 నుంచి 7కి, 12 నుంచి 13కి, 21 నుంచి 22కి, 83 నుంచి 84కి మారే నాలుగు చోట్లా బీట్ మారకూడదు, బీట్‌కి పట్టే నోటు విలువే మారాలి. 22 దగ్గర జాగ్రత్త. అప్పటికే ధ్వని పెరుగుతూ ఉంటుంది, దానితోపాటు వేగం కూడా పెరిగిందనిపించి ఇంకా తోసేస్తాం. ‘తొందరపడకుండా’ అని డెబుస్సీ అక్కడే ముందు జాగ్రత్తగా రాశాడు.

సాధన నేను 28నుంచి మొదలుపెట్టాను. రచన మొత్తంలో ధ్వనికి పైకప్పు, అంటే అన్నిటికన్నా గట్టి చోటు, అక్కడే ఉంది. అది ఎంత ఎత్తో తెలిస్తేగాని కింద మెట్లు కొలవలేం. మొదటి బారునుంచి నేర్చుకుంటూ వెళ్ళేవాళ్ళు 22 వచ్చేసరికే బలమంతా వాడేసి, 28లో ఇక కొట్టడం తప్ప దారి లేని స్థితికి వస్తారు. అక్కడ అడిగింది ఫోర్తిస్సిమో (చాలా గట్టిగా), పక్కనే ‘కఠినంగా కాదు’ అనీ ఉంది.

28 నుంచి 40 దాకా పని ఇలా సాగింది. మొదట ఎడమ చేతి అట్టడుగు సి ఒక్కటే. పెడల్ పూర్తిగా తొక్కి, ఐదో వేలితో, కీ అడుగుదాకా బరువుగా. తర్వాత సి కొట్టి, వెంటనే పై కార్డు మీదకు చేయి తీసుకెళ్ళి, వాయించకుండా కీల మీద ఆనించి ఆగడం. ఈ దూకుడు కళ్ళకు కాక భుజానికి అలవాటయ్యాకే కార్డు పలికించాలి. కార్డుల్లో బలం మణికట్టు నుంచి వస్తే చెక్క చప్పుడు వస్తుంది. వేళ్ళు కీల మీద ఆన్చి ఉంచి, భుజం బరువు దింపితే అదే గట్టిదనం గుండ్రంగా వస్తుంది. ఎంత ఎత్తునుంచి చేయి పడితే అంత కర్కశం. ఇంకో సంగతి, బొటనవేళ్ళు. కార్డు మధ్యలో అవి ఉంటాయి, సహజంగానే బరువు. వాటిని కొంచెం తగ్గించి, కుడి చేతి చిటికెన వేలికి పది శాతం ఎక్కువ ఇస్తే రాగం పైన తేలుతుంది. సాధనలో ఒకసారి బొటనవేళ్ళు లేకుండా, ఒకసారి పై స్వరం ఒక్కటే, తర్వాత అన్నీ కలిపి వాయిస్తే తేడా చెవికి ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, పెడల్. కింద సి మోగుతూ ఉండాలి, పైన కార్డులు మారుతూ ఉంటాయి. పెడల్ మార్చకపోతే కార్డులన్నీ ఒకదాని మీద ఒకటి పడి గుజ్జవుతాయి. పూర్తిగా మారిస్తే సి పోతుంది, పునాది లేని గోపురం మిగులుతుంది. డెబుస్సీ పెడల్ గుర్తులు దాదాపు పెట్టడు. బాస్ (అడుగు) నోటు ఎంతసేపు రాశాడో చూసి మనమే తేల్చుకోవాలి. ఇక్కడ పనిచేసేది సగం మార్పు: పాదాన్ని మూడో వంతు మాత్రం పైకి లేపి, వెంటనే తొక్కడం. డ్యాంపర్ (తీగల నాదాన్ని ఆపే మెత్త) తీగలను అరక్షణం తాకుతుంది. పై తీగలు సన్నవి కాబట్టి ఆ తాకిడికే చాలావరకు ఆగిపోతాయి. అట్టడుగు తీగ లావుగా, బరువుగా ఉంటుంది, కదలిక కొంత పోయినా మోగుతూనే ఉంటుంది.

ఆ మూడో వంతు ఎక్కడుందో ప్రతి పియానోలోనూ వేరు. సి గట్టిగా కొట్టి, పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి, పాదాన్ని చీమ నడకలా లేపండి. నాదం పలుచబడటం మొదలైన చోటు మొదటి గీత, పూర్తిగా ఆగిన చోటు రెండోది. ఈ రెండిటి మధ్యే మీ పని. చాలా పియానోల్లో ఆ జాగా వేలి మందానికి మించదు. మడమ నేల వదలకూడదు, వదిలితే అంత సన్నటి కదలిక రాదు. మందం అడుగు ఉన్న చెప్పులతో అసలు రాదు. గ్రాండ్ పియానోలోని మధ్య పెడల్‌తో సి ఒక్కదాన్నే పట్టి ఉంచి, కుడి పెడల్ శుభ్రంగా మార్చుకునే దారి కూడా ఉంది. ప్రయత్నించి వదిలేశాను. మరీ శుభ్రంగా ఉంది, కార్డుల మధ్య ఉండాల్సిన తడి పోయింది. ఇళ్ళలోని నిలువు పియానోల్లో మధ్య పెడల్ ఎలాగూ చాలావరకు చప్పుడు తగ్గించే ఫెల్ట్ కోసమే.

గది కూడా లెక్కలోకి వస్తుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు, కర్టెన్లు లేని కిటికీలు ఉంటే పెడల్ చేయాల్సిన పనిలో సగం గదే చేసేస్తుంది. పియానో కింద మందపాటి చాప గానీ కార్పెట్ గానీ వేసి, అప్పుడు పెడల్ లోతు నిర్ణయించుకోండి.

దీని తర్వాత 72 నుంచి 83. కార్డులు అవే, కానీ అడుగున ఎడమ చేతిలో మంద్రంలో ఎయిత్ నోట్ల (క్వార్టర్‌లో సగం నోట్ల) అల ఒకటి ఆగకుండా తిరుగుతుంది. మొత్తం రచనలో బురద ఎక్కువ పుట్టేది ఇక్కడే. మంద్ర తీగలు దగ్గరదగ్గరగా కదిలితే విడివిడిగా వినిపించవు, గురగురమంటాయి. అలలో మొదటి నోటు మాత్రం వినబడేలా ఉంచి, మిగతావి ఆవిరిలా చేయాలి. వేళ్ళు కీల మీదనుంచి లేవకూడదు. గ్రాండ్‌లో అయితే కీ పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ నొక్కవచ్చు. నాదాన్ని మెత్తబరిచే ఎడమ పెడల్ ఇక్కడ తొక్కాను, 28లో పూర్తిగా వదిలేశాను. దానివల్ల రంగు మారుతుంది, కార్డులు అవే అయినా వేరే గోడ వెనకనుంచి వస్తున్నట్టుంటాయి. కుడి పెడల్ బారుకు ఒకసారి సగం మార్పు చాలు. ఎడమ చేతిని విడిగా నెమ్మదిగా సాధన చేయడం వల్ల పెద్దగా లాభం లేదు, నెమ్మదిలో గురగుర రాదు కాబట్టి. అసలు వేగంలో, రెండేసి బార్లు, మరీ మెల్లగా వాయించడమే దారి.

అప్పుడు మొదటి బార్లు. కిందనుంచి పైకి లేచే కార్డుల వరుస, బాస్ ‘జి’, తర్వాత ‘ఎఫ్’, తర్వాత ‘ఈ’. పైన కదిలేవి జిని సా అనుకుంటే మోహనం స్వరాలే, కాబట్టి పెడల్ రెండు బార్లు పూర్తిగా తొక్కి ఉంచినా అపశ్రుతి రాదు. బాస్ మారిన చోట మార్చితే చాలు. కార్డులోని నోట్లన్నీ ఒకే క్షణంలో పలకాలి, ఒకటి వెనక పడితే మంచు కాస్తా తొట్రుపాటవుతుంది. ప్రతి కార్డునూ శబ్దం రాకుండా నొక్కి, చేతి ఆకారం పట్టుకుని, పైకి వచ్చి, అప్పుడు పలికించడం అలవాటు చేసుకున్నాను. పైకి వెళ్ళేకొద్దీ గట్టిపడటం అందరి చేతికీ ఉండే జబ్బు. ఇక్కడ పైకి వెళ్ళేకొద్దీ తగ్గాలి.

7 నుంచి 13 దాకా ‘ఈ’ (E) స్వరం ఆక్టేవ్‌లలో గంటలా మోగుతూ ఉంటుంది, దాని పక్కన ఒక పాట నడుస్తుంది. పాటకు ఊపిరి ఉంటుంది, గంటకు ఉండదు. గంట ప్రతిసారీ ఒకే బలంతో, ఏ భావమూ లేకుండా పడాలి. పాటతోపాటు గంట కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటే రెండూ ఒకే గొంతైపోతాయి. ఒక చేత్తో పాట వాయిస్తూ, రెండో చేత్తో బల్ల మీద సమానంగా తట్టడం ఇందుకు మంచి కసరత్తు. అదే పాట 47లో తిరిగి వస్తుంది, ఈసారి పైకి పోగవుతూ. 7లో దాన్ని మరీ అందంగా పాడించేస్తే 47కి ఏమీ మిగలదు. 47 నుంచి 71 వరకు ప్రత్యేకంగా చెప్పాల్సింది తక్కువ. పెంచడాన్ని నాలుగు మెట్లుగా విడగొట్టి స్కోరు మీద రాసుకోండి, 28లో దొరికిన పైకప్పును దాటకండి.

16 నుంచి 27 చివరికి నేర్చుకున్నాను. రెండు చివరలూ స్థిరపడితే ఈ వంతెన సులువు. ఎడమ చేతి అల బరువు మోయాలి, కుడి చేయి దాని మీద తేలాలి. 16 దగ్గర శ్రుతి ఒక్కసారి బి మేజర్‌కు, 19 దగ్గర ‘ఈ ఫ్లాట్’కు మారుతుంది. ఆ రెండు చోట్లా పెడల్ పూర్తిగా, తడుముకోకుండా మార్చాలి. రచనలో శుభ్రమైన మార్పు కచ్చితంగా కావాల్సిన చోట్లు ఇవే.

84 నుంచి చివరిదాకా నెమ్మది వేగం తిరిగి వస్తుంది. మొదటి కార్డులే, ఇప్పుడు సి మేజర్‌లోకి వచ్చి ఆగుతాయి. చివరి కార్డు పలికాక చేతులు ముందు తీసేసి, పెడల్‌ను మాత్రం తొక్కి ఉంచి, నాదం సగానికి తగ్గాక చాలా మెల్లగా వదలాలి. పెడల్ గబుక్కున వదిలితే డ్యాంపర్లు తీగల మీద పడిన చప్పుడు వినిపిస్తుంది. నిలువు పియానోల్లో ఇది మరీ ఎక్కువ.

వాయించినదాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వినాలి, ఎందుకంటే పియానో ముందు కూర్చున్న చెవికి పెడల్ మిగిల్చే మురికి సగమే తెలుస్తుంది. కానీ మామూలు రికార్డర్ యాప్ ధ్వని స్థాయిని తనంతట తానే సరిచేస్తుంది, మెల్లనిదాన్ని పెంచి, గట్టిదాన్ని తగ్గిస్తుంది. అలా విన్నప్పుడు 1వ బారూ 28వ బారూ ఒకే ఎత్తులో ఉన్నట్టుంటాయి, అనవసరంగా చేతిని అనుమానిస్తాం. గెయిన్‌ను (రికార్డింగ్ స్థాయిని) చేత్తో పెట్టుకునే యాప్ వాడి, 28ని ముందు వాయించి స్థాయి స్థిరపరచి, ఫోన్‌ను పియానోకి రెండు మూడు మీటర్ల దూరంలో, పియానో నిలిచిన నేల మీద కాకుండా వేరే స్టూలు మీద పెట్టండి.